చాక్లెట్ సిపాయి

కరాబిన్ ఊళ్ళో రొట్టెల బండి తోలే మెర్విన్ టాప్లేకి యుద్ధం మీద ప్రత్యేకంగా ఏ అభిప్రాయమూ లేదు. యుద్ధం గురించి మాట్లాడేవాళ్ళ మీద మాత్రం ఉంది. రోజూ పొద్దున నూట ఇరవై గుమ్మాల ముందు గుర్రాన్ని ఆపేవాడికి ఏ ఇంటివాడి మాట ఎంత డొల్లో తెలియకుండా ఉండదు. మాంసం కొట్టు హార్కోర్ట్ లైల్ ఉన్నాడు. మాజీ సైనికుల క్లబ్బుకి కార్యదర్శి. "మన కుర్రాళ్ళు సింహాలు" అని ప్రతి శనివారం స్టేషను ముందు గొంతు చించుకునే ఆ పెద్దమనిషే, తన సొంత సింహానికి మాత్రం మాంసం కొట్టడం దేశానికి అత్యవసరమైన పని అని కాగితం రాయించి, వాణ్ణి కొట్లోనే అట్టేపెట్టుకున్నాడు.

అందరికంటే దగ్గరగా చూసిన డొల్ల మెర్వ్ ఇంట్లోనే ఉంది. తండ్రి అంబ్రోస్ టాప్లే మొదటి ప్రపంచ యుద్ధంలో సముద్రాలు దాటి గల్లిపోలీ యుద్ధరంగానికి వెళ్ళొచ్చాడు. సాయంత్రమైతే కోటుకి పతకాలు తగిలించుకుని, మీసాల మీద నిమ్మకాయలు నిలబెట్టుకున్నట్టు క్లబ్బుకి నడిచేవాడు. పదహారో ఏట మెర్వ్ సూదీ దారం కోసం సొరుగు వెతుకుతుంటే తండ్రి సైన్యపు కాగితాలు చేతికొచ్చాయి. గల్లిపోలీలో ఆయన ఉన్నది పదకొండు రోజులు. పన్నెండో రోజున విరేచనాలు పట్టుకుంటే ఓడెక్కించి పంపేశారు. ఆ పదకొండు రోజులనీ సాగదీసి ఆయన పాతికేళ్ళు నడిపాడు. మెర్వ్ కాగితాలు ఎక్కడివక్కడ పెట్టేశాడు గానీ, ఆ రోజు నుంచి తండ్రి నోరు విప్పితే చాలు, వాడికి లోపల ఒక నవ్వు కదిలేది.

అన్న రోయ్ అలా కాదు. వాడు ఆ పదకొండు రోజుల కథలు విని పెరిగి, ప్రతి మాటా నమ్మాడు. 1940లో మొదటి పిలుపుకే సైన్యంలో పేరిచ్చాడు. బ్యాండు వాయించి, మెడలో దండ వేసి ఊరు ఊరంతా వాణ్ణి రైలెక్కించింది. తల్లి పోయి అప్పటికి ఆరేళ్ళు. రైలు కదిలాక ఇంటికొచ్చి, తండ్రీ చిన్నకొడుకూ ఉడకేసిన బంగాళాదుంపలూ గొర్రెమాంసం ముక్కలూ ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"నువ్వెప్పుడు పేరిస్తున్నావు?" అన్నాడు తండ్రి.

"ఇవ్వటం లేదు."

"ఏం?"

"నాకు చావాలని లేదు నాన్నా."

"మీ అన్నకి ఉందా?"

"లేదు. వాడికి ఆ సంగతి ఇంకా తట్టలేదంతే."

అంబ్రోస్ ఆ రాత్రి నుంచి చిన్నకొడుకుతో మాట్లాడవలసి వస్తే గోడతో మాట్లాడేవాడు. "ఉప్పు ఎవరైనా ఇటు జరిపితే బాగుండు" అనేవాడు, బల్ల దగ్గర ఉన్నది ఇద్దరే అయినా.

ఏడాది గడిచేసరికి జపాన్ యుద్ధంలోకి దిగింది. ఇక పేరిచ్చినా ఇవ్వకపోయినా ఒకటే. ఇరవై దాటిన మెర్వ్‌కి తాఖీదు వచ్చింది. అలా బలవంతంగా పట్టుకుపోయిన వాళ్ళది వేరే పటాలం. స్వచ్ఛందంగా వెళ్ళి ఎడారుల్లో పోరాడుతున్న వాళ్ళు వీళ్ళకి పెట్టిన పేరు చాక్లెట్ సిపాయిలు. పైన నిగనిగలు, ఎండ తగిలితే కరిగి కారిపోతారని. తాఖీదు చూసి అంబ్రోస్ రోయ్ రైలెక్కిన రాత్రి తర్వాత మొదటిసారి కొడుకు మొహం చూసి మాట్లాడాడు.

"పేరివ్వకపోయినా పట్టుకెళ్తున్నారు. సిగ్గులేదా? చాక్లెట్‌వి నువ్వు. మంచి ఎండ కాస్తే నీ బూట్లు తప్ప ఏమీ మిగలదు."

"బూట్లు మిగిలితే క్లబ్బులో అద్దాలపెట్టెలో పెట్టండి. మీ పతకాల పక్కన బాగుంటాయి."

రోయ్ ఎడారి నుంచి ఉత్తరం రాశాడు. ఒంటెల గురించీ ఈగల గురించీ రాసి, చివర్లో "తమ్ముణ్ణి నీడపట్టున ఉంచండి" అని చేర్చాడు. తండ్రి ఆ ముక్క క్లబ్బులో చదివి వినిపించాడట. లైల్ నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడట. మెర్వ్‌కి ఈ సంగతి చెప్పడానికి మర్నాడు పొద్దున ముగ్గురు రొట్టెల కోసం గుమ్మంలో కాచుకుని ఉన్నారు.

చాక్లెట్ సిపాయిలని దేశం దాటించకూడదని చట్టం ఉంది. సముద్రం అవతల ఉన్న పాపువా మనదే కదా, మన గడ్డే కదా అని తేల్చి వాళ్ళని ఓడెక్కించారు. దోమతెరలని ఓడ అడుగున వేసి, వాటి మీద ఆఫీసర్ల బల్లలూ కుర్చీలూ వేశారు. తెరలు పైకి వచ్చేలోగా సగం పటాలానికి మలేరియా పట్టింది. ఆరు నెలలు వాళ్ళ చేత ఓడలు దింపించారు, కాలువలు తవ్వించారు, రాళ్ళు మోయించారు. తుపాకి పేల్చడం నేర్పడానికి తూటాలు చాలవన్నారు. ఒకసారి పెద్ద ఆఫీసరొకడు ఇస్త్రీ మడత నలగకుండా వచ్చి, వరసలో నిలబెట్టి, "మీలో పోరాట పటిమ కనిపించడం లేదు" అని దిగులు వెలిబుచ్చాడు. మెర్వ్ చేతిలో అప్పుడు పార ఉంది.

"ఉంది సార్," అన్నాడు. "ఓడ అడుగున ఉండిపోయిందేమో, దింపుతున్నాం."

దానికి శిక్షగా వారం రోజులు మరుగుదొడ్లు తవ్వాడు. ఆ వారమంతా వాడు చాలా ఉత్సాహంగా ఉన్నాడని పటాలంలో చెప్పుకున్నారు.

జూలైలో జపాన్ సైన్యం ఉత్తరపు ఒడ్డున దిగి కొండల మీదుగా రావడం మొదలుపెట్టింది. మరెవరూ అందుబాటులో లేక చాక్లెట్లనే ఎదురు పంపారు. ఒక మనిషి పట్టే బాట. మోకాళ్ళ దాకా బురద. ఒక కొండ ఎక్కి దిగితే ఎదురుగా అంతకంటే నిటారైన కొండ. ఒంటి మీద ఇసక రంగు చొక్కాలు. ఆకుపచ్చని అడవిలో ఆ చొక్కాలు వేసుకుని తిరగడమంటే గుండె మీద గురి గీసుకోవడమే. మెర్వ్ పక్కవాడు నవ్వుతూ ఆ మాటే అని, మూడో రోజున ఆ గురి సరిపోయిందని నిరూపించాడు. తిండీ తూటాలూ మోసింది, గాయపడ్డవాళ్ళని దించింది ఆ కొండల మనుషులే. పత్రికలు తర్వాత వాళ్ళని దేవదూతలని రాశాయి. ఒక్కడి పేరు రాయలేదు. మెర్వ్ మూడు వారాలు వాళ్ళ వెనకాలే నడిచాడు. వాడూ ఒక్కడి పేరూ అడగలేదు.

ఆగస్టు చివరికి నాలుగు వందల మంది ఒక కొండ నడుం మీద చేతులతోనూ డబ్బామూతలతోనూ గోతులు తవ్వుకుని నిలిచారు. ఎదురుగా జపాన్ వాళ్ళు అంతకి ఎన్నో రెట్లు ఉన్నారు. రోజూ వాన. ఎవరికీ కంబళి లేదు. చాలామందికి నిక్కరు వెనకభాగం లేదు. విరేచనాలకి అడ్డం వస్తోందని కోసేసుకున్నారు. మెర్వ్ భయపడ్డాడు. భయపడుతూనే కాల్చాడు. ఏ పూటకాపూట ఇక పారిపోదాం అనుకునేవాడు గానీ, పక్క గోతిలో వాడు ఇంకా ఉన్నాడు కదా అని ఆగేవాడు. పక్క గోతిలోవాడూ అందుకే ఆగాడని తర్వాత తెలిసింది. ఆ కొండ నిలవడానికి అంతకుమించిన రహస్యమేదీ లేదు.

సాయం వచ్చింది. ఎడారుల నుంచి తిరిగొచ్చిన స్వచ్ఛంద పటాలం. బలిసిన భుజాలు, కొత్త ఆకుపచ్చ బట్టలు. వాళ్ళు బాట మీద పైకి వస్తుంటే గోతుల్లోంచి పుల్లల్లాంటి మనుషులు లేచి చూశారు. వచ్చేవాళ్ళలో ఒక కార్పొరల్ ఆగాడు.

"ఇంకా కరగలేదేంట్రా, చాక్లెట్?"

రోయ్. రెండేళ్ళ తర్వాత తమ్ముడితో వాడన్న మొదటి మాట అది. అనేశాక వాడి చూపు కిందికి దిగింది. మెర్వ్ బూట్ల అడుగులు ఊడి, తీగతో కట్టి ఉన్నాయి. చీలమండల మీద పుళ్ళు. రోయ్ సంచీలోంచి మేజోళ్ళ జత తీసి ఇచ్చాడు.

"పొడిగా ఉన్నాయి. తొడుక్కో."

"ఇక్కడ పొడిగా ఉన్నవి ఒక గంట ఉంటాయి," అన్నాడు మెర్వ్. అయినా తీసుకున్నాడు. థాంక్స్ చెప్పలేదు. రోయ్ వెళ్ళిపోయాక పక్క గోతిలోవాడు "మీవాడా?" అని అడిగితే "మా ఊరివాడు" అన్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం మెర్వ్‌ని తూటాల కోసం కిందికి పంపారు. వాన జోరుగా ఉంది. బాటకి పది గజాల పక్కన, పెద్ద మాను వేళ్ళ మధ్య ఎవరో కూర్చుని ఉన్నారు. గాయపడ్డాడేమోనని మెర్వ్ వేళ్ళు పట్టుకుని దిగాడు. రోయ్. ఒంటి మీద చిన్న గీత లేదు. తుపాకి బురదలో పడి ఉంది. చేతులు రెండూ తొడల కింద అణిచిపెట్టుకున్నాడు. అయినా భుజాలు ఎగిరిపడుతున్నాయి. వాడు నడిపించాల్సిన మనుషులు ఎనిమిది మంది పైన, కాల్పుల చప్పుడు వస్తున్న చోట ఉన్నారు.

"కనబడరురా," అన్నాడు రోయ్. "ఎడారిలో మైలు దూరాన ఉన్నా కనబడేవాళ్ళు. ఇక్కడ ఆకుల్లోంచి చెయ్యి వస్తుంది. మొహం రాదు. మెర్వ్, ఒక్క నిమిషం కూర్చో. ఒక్క నిమిషం, ఇది తగ్గేదాకా."

మెర్వ్‌కి అది ఏమిటో బాగా తెలుసు. మూడు వారాలుగా రోజూ పొద్దున వాడి చేతులు కూడా అలాగే ఎగిరేవి. పక్కన కూర్చుని చేతుల్ని చంకల్లో పెట్టుకో, వంద లెక్కపెట్టు, తగ్గుతుంది అని చెప్పడానికి నాలుగు మాటలు చాలు. కానీ రెండేళ్ళుగా మరిచిపోలేనివి కొన్ని ఉన్నాయి. ఉప్పు అడిగిన గోడ, క్లబ్బులో చదివిన ఉత్తరం, గుమ్మాల్లో కాచుకున్న ముగ్గురు, అన్నీ కలిసి ఒక్కసారి నోటికి వచ్చాయి.

"నీడపట్టున బాగున్నావు," అన్నాడు. "కరిగిపోయావన్నమాట, చాక్లెట్. ఇంటికి రాస్తాలే. నాన్న క్లబ్బులో చదువుతాడు."

రోయ్ తల ఎత్తి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఎవరో తెలియనివాణ్ణి చూసినట్టుంది. తొడల కింది నుంచి చేతులు తీసుకున్నాడు, తుపాకి అందుకుని చొక్కాకి బురద తుడిచాడు, పైకెక్కి పోయాడు. మెర్వ్ తూటాల పెట్టె భుజానికెత్తుకుని తిరిగొచ్చేసరికి వాడు బాటకి అడ్డంగా పడి ఉన్నాడు. మెడలో తగిలింది. పెట్టె దించడానికి వీల్లేదు. పైన తూటాలు అయిపోతున్నాయి. మెర్వ్ అన్నని దాటి వెళ్ళాడు. సాయంత్రానికి అందరూ వెనక్కి తగ్గవలసి వచ్చింది. రోయ్ అక్కడే ఉండిపోయాడు.

మలేరియాతో, ఉండాల్సిన బరువులో సగంతో మెర్వ్ ఆరు నెలలు ఆస్పత్రిలో పడి ఉండి, మరుసటి ఏడాది, ఇక సైన్యానికి పనికిరాడని పంపేస్తే, కరాబిన్ చేరాడు. స్టేషనులో బ్యాండు లేదు. ఇంట్లో అలమర మీద రోయ్ ఫోటో, పక్కన ఆఫీసరు రాసిన ఉత్తరం అద్దం కట్టించి ఉన్నాయి. రోయ్ తన మనుషుల్ని ముందుకు నడిపిస్తూ, పెదాల మీద చిరునవ్వుతో నేలకొరిగాడని అందులో ఉంది. ఆ ఆఫీసరు వారంలో అలాంటివి నలభై రాసి ఉంటాడు. నలభై మందీ చిరునవ్వుతోనే ఒరిగి ఉంటారు. ఊరి పత్రిక దానికి ఉప్పూకారం అద్ది అచ్చేసింది. అంబ్రోస్ రెండు వరసల పతకాలతో తిరుగుతున్నాడు. ఎడమ వైపు తనవి, కుడి వైపు కొడుకువి.

మూడు వారాలు మెర్వ్ ఊరుకున్నాడు. ఒక ఆదివారం భోజనాలయ్యాక వరండాలో తండ్రి అడిగాడు, గోడని కాదు, వాణ్ణే.

"నువ్వు ఆ కొండ మీదే ఉన్నావని లైల్ అంటున్నాడు. చూశావా వాణ్ణి? నవ్వుతూనే ఉన్నాడా?"

మెర్వ్ చెప్పాడు. మాను వేళ్ళు, తొడల కింద చేతులు, ఒక్క నిమిషం కూర్చోమనడం, తను అన్న మాట. ఒక్క ముక్క తగ్గించలేదు. చెబుతున్నంతసేపూ తండ్రి మొహమే చూశాడు. అది విరిగిపోతే చూడాలనే చెప్పాడని తర్వాత తనకే తెలిసింది.

అంబ్రోస్ కుర్చీ వెనక్కి జరిపాడు.

"అబద్ధం," అన్నాడు. "చిన్నప్పటి నుంచీ నీకు వాడంటే కుళ్ళు."

"కుళ్ళే. అబద్ధం కాదు."

"అన్నని అంత మాట ఎలా అన్నావురా? ఎవరు నేర్పారు నీకు?"

"మీరే. ఈ ఇంట్లోనే, బల్ల దగ్గర."

తండ్రి లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. మెర్వ్ ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని బేకరీ వెనక గదిలోకి మారిపోయాడు. మళ్ళీ రొట్టెల బండి, మళ్ళీ నూట ఇరవై గుమ్మాలు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏప్రిల్లో, ఏటా జరిగే సైనికుల ఊరేగింపుకి వారం ముందు, హార్కోర్ట్ లైల్ ఏప్రాన్‌తోనే వచ్చి బండికి అడ్డం నిలబడ్డాడు.

"మెర్వ్, ఈసారి నువ్వు కూడా నడవాలి. రోయ్ పతకాలు పెట్టుకుని, వాడి తమ్ముడిగా. ముందు వరసలో, మీ నాన్న పక్కన."

"నేను నేనుగా నడిస్తే ఎన్నో వరస?"

లైల్ ఏప్రాన్‌కి చేతులు తుడుచుకున్నాడు. "అది... మీ పటాలం వాళ్ళ సంగతి క్లబ్బులో ఇంకా తేలలేదు. అంటే, దేశం దాటి వెళ్ళినట్టా కాదా అని. వెనక వరసలో, బడిపిల్లల దగ్గర ఎక్కడో చోటు చూస్తాంలే. స్కౌట్ల ముందు."

"స్కౌట్ల ముందు."

"తప్పుగా అనుకోకు."

"అనుకోనులే. మీ అబ్బాయి ఎక్కడ నడుస్తాడు? ఎద్దుల ముందా?"

లైల్ మొహం వాడి కొట్లో కాలేయం రంగుకి తిరిగింది. "నోరు అదుపులో పెట్టుకో. ఈ ఊళ్ళో రొట్టెలు అమ్ముకోవాలి నువ్వు."

"ఊరు కూడా రొట్టె తినాలి, హార్కోర్ట్. మాంసం లేకపోయినా గడుస్తుంది. గుర్రం ముందు నుంచి తప్పుకో. దానికి నీ వాసన పడదు."

ఊరేగింపు రోజున మెర్వ్ మామూలుగానే బండి తోలాడు. మలుపు దగ్గర గుర్రాన్ని ఆపవలసి వచ్చింది. బ్యాండు వెనక క్లబ్బు పెద్దలు పొట్టలు బిగించి వస్తున్నారు. వాళ్ళని చూసి నవ్వుకోవడానికి మెర్వ్ సిద్ధంగా ఉన్నాడు. ముందు వరసలో తండ్రి లేడు. ఎవరిదో ఇంటి గేటు పక్కన, కాలిబాట మీద, ఉత్త కోటుతో నిలబడి ఉన్నాడు. ఏ వైపునా పతకం లేదు. కొడుకుని చూశాడు. తల ఆడించలేదు. మెర్వ్ కూడా ఆడించలేదు.

ఆ ఆదివారం బేకరీ వెనక తలుపు చప్పుడైంది. అంబ్రోస్ లోపలికి రాకుండానే అడిగాడు.

"అక్కడ వాన పడుతోందా? వాడు కూర్చున్నప్పుడు."

"పడుతోంది. రోజంతా."

"ఊఁ," అని వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చాడు. వాడి బూట్లు గట్టివేనా అని అడిగాడు. ఇంకో వారం, ఆ చెట్టు ఎలాంటిదని. ఇంకో వారం, మెడలో ఏ వైపని. ఒక్కో ఆదివారం ఒక్క ప్రశ్న. జవాబు పట్టుకుని వారమంతా గడిపేవాడేమో, మళ్ళీ వచ్చేవాడు. కొన్నాళ్ళకి మెర్వే వెళ్ళడం మొదలుపెట్టాడు, ముసలాయన మోకాళ్ళు మెట్లు దిగనివ్వడం లేదని. ఎండ పడే వైపు రెండు కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళు. మెర్వ్‌కి ఆయన మీద ప్రేమేమీ పుట్టలేదు. ఆయన టీ చప్పరించే చప్పుడంటే కూడా పడేది కాదు. అయినా రొట్టె ఒకటి చంకలో పెట్టుకుని వెళ్ళేవాడు.

నాలుగో ఏట ఒక ఆదివారం అంబ్రోస్ ఏమీ అడగలేదు. టీ చల్లారిపోయేదాకా కప్పు పట్టుకుని కూర్చుని, కంచె వైపు చూస్తూ అన్నాడు.

"గల్లిపోలీలో నేనూ కూర్చున్నా. తొమ్మిదో రోజున. లోయలో ఒక పొద దగ్గర, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా. మా సార్జెంటు రెండుసార్లు అటు నుంచే వెళ్ళాడు. చూశాడు. ఏమీ అనలేదు. మూడు రోజులకి విరేచనాలని కాగితం రాసి పంపించేశాడు."

మెర్వ్‌కి పాతికేళ్ళ పతకాలూ, సొరుగులో కాగితాలూ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఎప్పటి నుంచో సానపెట్టి ఉంచుకున్న మాట ఒకటి నాలుక కొన దాకా వచ్చింది.

"ఏమీ అనలేదు గనక బతికాను," అన్నాడు తండ్రి. "నువ్వూ రోయ్ పుట్టారు."

మెర్వ్ ఆ మాట మింగేశాడు. లేచి కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళి, కడిగి బోర్లించి, నీళ్ళు కారిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు. తిరిగొచ్చేసరికి ముసలాయన కునుకు తీస్తున్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళు బతికాడు అంబ్రోస్. రోయ్ గురించి అడగగలిగినవన్నీ అడిగాడు. ఆ కొండ మీద చిన్నకొడుకు ఏం తిన్నాడని, ఎన్నిసార్లు చావు తప్పిందని, కాళ్ళ మీది మచ్చలు ఎక్కడివని ఒక్కసారీ అడగలేదు. అడిగితే చెబుదామని మెర్వ్ కొన్ని ఆదివారాలు ఎదురుచూశాడు. తర్వాత మానేశాడు. ఎదురుచూసినందుకు తనని తను తిట్టుకున్నాడు.

అంత్యక్రియల రోజున హార్కోర్ట్ లైల్ నల్లకోటులో వచ్చి, క్లబ్బు తరఫున శవపేటిక మీద జెండా కప్పుతామన్నాడు.

"గల్లిపోలీ వీరుడు. కప్పకపోతే బాగోదు, మెర్వ్. నీకు అభ్యంతరం లేదు కదా?"

లైల్ బొద్దు చేతుల్లో మడతపెట్టిన జెండాని మెర్వ్ చూశాడు. చెప్పదలచుకుంటే ఆ క్షణంలో ఊరందరి ముందూ చాలా చెప్పగలడు.

"కప్పండి," అన్నాడు. "మడతలు సరిచేసి కప్పండి. ఆయనకి నలగడం ఇష్టం ఉండేది కాదు."

మట్టి వేసేదాకా ఉండి, టోపీ పెట్టుకుని, ఎవరితోనూ చెయ్యి కలపకుండా రోడ్డెక్కాడు. రైలు గేటు అవతల ఇంకా ముప్ఫై ఇళ్ళకి రొట్టెలు వేయాలి.